ఐదుంపావు బండి

విస్సన్నపేట అవతల, మామిడితోటల నడుమనున్న పల్లెలో మిషను బడికి రాయప్ప ఒక్కడే పంతులు. ఎనిమిదో తరగతి చదివి, ట్రైనింగు పూర్తి చేసుకుని వచ్చాడు. ఊళ్లో ఇంగ్లీషు ముక్క తెలిసినవాడూ ఆయనే. మందుసీసా మీది చీటీ అయినా, కోర్టు కాగితమైనా ఆయన చేతికే వచ్చేది. తెలియని మాట తగిలినప్పుడు పక్కూరి పోస్టుమాస్టరు లక్ష్మీనరసింహారావును ఒకసారి అడిగాడు. ఆయన నలుగురిలో నవ్వాడు. అప్పటినుంచి రాయప్ప పోస్టాఫీసు గుమ్మం తొక్కలేదు.

1961 మే నెల. కాయకోత ముమ్మరంగా సాగుతోంది. తోటపని చేసుకునే వీరయ్య ఓ సాయంత్రం ఆసుపత్రి నుంచి వచ్చిన ఇంగ్లీషు కార్డు పట్టుకుని వచ్చాడు. అతని భార్య కనకమ్మ క్షయతో మూడు నెలలుగా బెజవాడ ఆసుపత్రిలో ఉంది. ఆమెను గురువారం రైల్లో రాయలసీమలోని పెద్ద క్షయ ఆసుపత్రికి పంపుతున్నారనీ, చూడదలచినవాళ్లు స్టేషనుకు రావచ్చనీ అందులో ఉంది. బండి వేళ మాత్రం అంకెల్లో లేదు. 'క్వార్టర్ టు ఫైవ్, ఈవెనింగ్' అని రాసి ఉంది.

క్వార్టరంటే పావు. హాఫ్ పాస్ట్ అంటే అర దాటిందని. ఆ రెండూ రాయప్పకు తెలుసు. 'టు' దగ్గర ఆగిపోయాడు. టు అంటే 'కి' అని పిల్లలకు చెప్పేవాడు. ఐదుకి పావు. అంటే ఐదుకి పావు కలపాలి కాబోలు. మనసులో ఎక్కడో ముల్లులా గుచ్చుకుంది. పోస్టాఫీసు రెండే మైళ్లు. ఎదురుగా వీరయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సాయంత్రం ఐదుంపావుకి బండి" అన్నాడు రాయప్ప.

వీరయ్య ఎన్నడూ స్టేషను చూడలేదంటే ఆయనా వెంట వెళ్లాడు. తొమ్మిదేళ్ల కూతురు కృష్ణవేణి తల్లికోసం రసాలు గుడ్డలో మూటగట్టుకుంది. బస్సు నాలుగింటికల్లా బెజవాడ స్టేషను దగ్గర దింపేసింది. దారంతా వాంతులతో పిల్ల వడలిపోయింది. ఇంకా గంట పైనే ఉంది, లోపల ఎండలో మాడటం ఎందుకని రాయప్ప వాళ్లను బయట గోడనీడన కూర్చోబెట్టి పిల్లకు సోడా తాగించాడు. కాసేపటికి లోపల ఒక బండి కూతవేసి కదిలింది. ముగ్గురిలో ఎవరూ తలెత్తి చూడలేదు.

ఐదింటికి రాయప్ప లోపలికెళ్లి అడిగితే, ఆ బండి వెళ్లి పావుగంటయిందని టిక్కెట్టు కలెక్టరు చెప్పాడు. 'టు' అంటే తక్కువని రాయప్పకు అప్పుడు తెలిసింది. బయటికొచ్చి, బండి వేళకంటే ముందే వెళ్లిపోయిందట అన్నాడు. వీరయ్య నమ్మాడు.

ఇరవై రోజులకు కనకమ్మ ఎవరిచేతో రాయించిన తెలుగు ఉత్తరం వచ్చింది. అదీ రాయప్పే చదవాల్సి వచ్చింది. 'బండి కదిలేదాకా కిటికీ దగ్గరే కూర్చున్నాను. పనులరోజులు గదా, రాలేకపోయుంటారు. పిల్లకి తల ఎవరు దువ్వుతున్నారు?'

రాయప్ప కాగితం మడిచాడు.

"బండి ముందు పోలేదు వీరయ్యా. అది ఐదుకి పావు తక్కువ. నేనే తప్పు చదివాను. మనం గోడ పక్కన కూర్చున్నప్పుడు పోయిందే, అదే కనకమ్మ వెళ్లిన బండి. నీతో అబద్ధం చెప్పాను."

వీరయ్య మడిచిన కాగితాన్ని ఆయన చేతిలోంచి తీసుకున్నాడు. చెయ్యి చేసుకుంటే బాగుండునని రాయప్పకు అనిపించింది.

"అయితే ఆ మాటే రాయండి మాస్టారూ" అన్నాడు చివరికి. "మేం వచ్చామని రాయండి. బయటే ఉన్నామని రాయండి."

రాయప్ప అప్పటికప్పుడు రాసి, పోస్టాఫీసుకు నడిచివెళ్లి, ఇంగ్లీషు చిరునామా లక్ష్మీనరసింహారావు చేతే సరిచూయించుకున్నాడు. ఈసారి ఆయన నవ్వలేదు.

పదకొండోరోజున ఆ ఉత్తరం విప్పకుండానే తిరిగొచ్చింది. కనకమ్మ చనిపోయిందని దానికి చీటీ గుచ్చి ఉంది.

బడి తెరిచినప్పటినుంచీ కృష్ణవేణి రావడం లేదు. రాయప్ప రెండుసార్లు వాళ్లింటికెళ్లి పిలిచాడు. మూడోసారి వెళ్లినప్పుడు వీరయ్య బయటికి రాకుండానే జవాబు చెప్పాడు. "ఇంట్లో వండేదెవరండీ?"

ఆ తర్వాత వీరయ్య ఏ కాగితం వచ్చినా విస్సన్నపేట పట్టుకుపోయి చదివించుకునేవాడు. రాయప్ప ఆ బడిలోనే మరో ఎనిమిదేళ్లు పనిచేశాడు. బండి తప్పిపోయిన ఆ ఏడాది హాజరుపట్టీలో కృష్ణవేణి పేరు మాత్రం కొట్టెయ్యలేదు. రోజూ ఆ పేరు పిలిచి, కాసేపాగి, తర్వాతి పేరుకు వెళ్లేవాడు.