మంచిగ తెమ్మన్నాను

చేపలకు జబ్బు చేస్తే చూసే సర్కారు ల్యాబు ఒకటి ఉందని ఇబ్రహీంపట్నంలో చాలామందికి తెలియదు. బస్సు దిగి అడిగితే పశువుల దవాఖాన చూపించేవాళ్ళు. ఆ ల్యాబులోనే నా ఉద్యోగమంతా గడిచింది. నేను చదివింది నాలుగో తరగతి. మా ఆయన అక్కడే వాచ్‌మన్‌గా పనిచేస్తూ చనిపోయాడు. ఆ తర్వాత నాకు పని ఇచ్చారు. గాజు సామాను కడగాలి, నేల తుడవాలి, కోసి చూసిన చేపలను వెనక గుంతలో వేసి సున్నం చల్లాలి.

ఈ పనుల్లో నా మీద ఎవరూ మాట అనడానికి లేకుండా చేశాను. అరిగిపోయిన సబ్బు ముక్కలన్నీ పాత మేజోడులో వేసి ముడి కట్టి వాడేదాన్ని. సీసాలు మూడోసారి కడిగిన నీళ్ళు తేటగా ఉంటాయి కాబట్టి, వాటితోనే రెండో విడత సీసాలకు మొదటి కడుగుడు చేసేదాన్ని. నేల రోజుకు మూడు సార్లు తుడిచేదాన్ని. చేపల ల్యాబు అయినా చేపల వాసన రాకూడదని నా పట్టుదల. ఇప్పుడు ఆలోచిస్తే అది ఎంత తెలివితక్కువ పట్టుదలో తెలుస్తుంది.

చేపలను చూసే పని మేడంది. కోస్తా నుంచి వచ్చి హయత్‌నగర్‌లో కాపురం ఉండేది. రోజూ బస్సులు మారి వచ్చేది. చేప మొప్ప మీది మూత ఎత్తి రంగు చూసేది, చిన్న ముక్క కత్తిరించి గాజు పలక మీద పెట్టి మైక్రోస్కోపు కింద చూసేది. ఒక్కోసారి నన్నూ పిలిచేది. "చూడండి పెద్దమ్మగారూ, పురుగులు ఎలా కదులుతున్నాయో" అనేది. ఒక కన్ను మూసి చూసేదాన్ని. ఏళ్ళ తరబడి చూశాక నాకూ కొంత తెలిసింది. జబ్బు చేప మొప్ప పాలిపోయి, జిగట పట్టి ఉంటుంది. కొన్నిసార్లు మట్టి రంగుకు తిరుగుతుంది.

వచ్చిన వాళ్ళందరికీ మేడం ఒకటే చెప్పేది. కుళ్ళిన చేప పనికిరాదు, ఆరోగ్యంగా ఉన్న చేపా పనికిరాదు. ఒడ్డున నోరు తెరిచి తేలుతున్న చేపను, ఊపిరి ఉండగానే, ఆ చెరువు నీళ్ళలోనే తేవాలి. ఈ మాట నాకు కంఠతా వచ్చు. మా తమ్ముడికి మాత్రం చెప్పలేదు.

ఔటర్ రింగురోడ్డు పడుతుందని అందరూ చెప్పుకునే రోజులు అవి. సాగర్ రోడ్డు పొడుగునా కంది చేలలో ప్లాట్ల రాళ్ళు పాతారు. నిన్నటిదాకా వల వేసినవాళ్ళు కార్లలో వచ్చేవాళ్ళకు భూములు చూపించడానికి పోతున్నారు. మా తమ్ముడు మాత్రం మా తల్లిగారి ఊరి చెరువును వదలలేదు. అక్కడి చేపల సొసైటీకి వాడే పెద్ద. అమ్మ చిన్నప్పుడే పోతే వాణ్ణి పెంచింది నేను. నా మాటకు ఎదురు చెప్పి ఎరగడు.

ఆ ఎండాకాలం వాళ్ళ చెరువులో చేపలు చావడం మొదలైంది. పైనుంచి వచ్చే వాగులో ఎవరివో ట్యాంకర్లు తెల్లవారకముందే ఏదో వంపి పోతున్నాయి. సొసైటీ వాళ్ళు మండలాఫీసుకు పోయి మొరపెట్టుకుంటే, విషం పడిందని ల్యాబు కాగితం తెండి, ట్యాంకర్లు ఆపిస్తాం అన్నారట. కాగితం వస్తే చెరువు ఉంటుంది, రాకపోతే పోతుంది. ముప్పై ఇళ్ళ తిండి దాని మీదే.

పొద్దున్నే తమ్ముడు యూరియా సంచి ఒకటి భుజాన వేసుకుని వచ్చాడు. మేడం ఇంకా రాలేదు. నేను అప్పుడే ఫినాయిల్ వేసి తుడిచాను. బెంచీ మీద యాచారం వైపు చేపల రైతులిద్దరు కూర్చుని ఉన్నారు. సంచి నుంచి నల్లటి నీళ్ళు చుక్కలు చుక్కలుగా నా నేల మీద పడుతున్నాయి.

"అరేయ్, ఆగాడ! ఏందిరా గా సంచి?"

"చేపలక్కా. నిన్నటిసంది ఒకటే సచ్చుడు. కొన్ని సచ్చినయ్, కొన్ని ఇంక కొట్టుకుంటున్నయ్. జర మేడంకు చూపియ్యి."

"గివి చేపలా? నీ కంపుకు మనుషులు ఉంటరా ఈడ? నడువ్ బయటికి."

బెంచీ మీది వాళ్ళలో ఒకడు నవ్వాడు. "సొంత తమ్మున్నే గిట్ల ఉరికిస్తున్నవ్ పెద్దమ్మా, మేమే నయం."

ఆ నవ్వుతో నాకు ఇంకా రోషం వచ్చింది. "గిది సర్కారు ఆఫీసు, చేపల బజారు గాదు. తమ్ముడైతేంది, ఎవడైతేంది. తెచ్చేదుంటే మంచిగ తే, లేకుంటే తేకు" అన్నాను.

"గట్లనే తీయక్కా, మంచిగనే తెస్త" అని వాడు వెనక్కి తిరిగాడు. సంచి తీసుకుపోయి ఎక్కడో పారబోశాడు. అందులో ఊపిరి ఉన్న చేపలున్నాయని వాడు చెప్పింది నేను విన్నాను. విని కూడా నేల తుడుచుకున్నాను.

మర్నాడు ఉతికిన అంగీ వేసుకుని వచ్చాడు. చేతిలో తోమిన స్టీలు బకెట్, పైన తెల్ల గుడ్డ కప్పి ఉంది. గడప దగ్గరే కాళ్ళు తుడుచుకున్నాడు. ఒక్క చుక్క కింద పడనివ్వలేదు. లోపల రెండు బొచ్చె చేపలు తళతళలాడుతూ తిరుగుతున్నాయి. నా తమ్ముడు పద్ధతి నేర్చుకున్నాడని నాకు గర్వమనిపించింది.

మేడం రెండిటినీ కోసి చూసింది. మొప్ప ముక్కలు మైక్రోస్కోపు కింద అటూ ఇటూ జరిపి చాలాసేపు చూసింది.

"ఇవి మీ చెరువువేనా?"

"అవ్ మేడం. పొద్దుగాల్నే పట్టిన."

"వీటికి జబ్బేం లేదండి. విషం తగిలిన గుర్తులూ లేవు."

తమ్ముడి ముఖం మాడిపోయింది. "గట్లెట్ల మేడం? కుప్పలు కుప్పలు సస్తున్నయి."

"మరి అలాంటివి తేలేదేం? చావబోయేది ఒక్కటైనా తెచ్చారా?"

వాడు నా వైపు చూశాడు. నేను ట్రే పట్టుకుని నిలబడి ఉన్నాను. నిన్న తెచ్చాడు మేడం, నేనే వెళ్ళగొట్టాను అని ఒక్క మాట అంటే అయిపోయేది. మేడం ముందు చిన్నబోవడం నాకు చేతకాలేదు. ఇన్నేళ్ళలో నా పనికి ఎవరూ వంక పెట్టలేదు, ఇప్పుడెందుకు పెట్టించుకోవాలి అనుకున్నాను. వాడు ఒక్క క్షణం చూసి తల దించుకున్నాడు.

"లేదు మేడం. తేలే."

"నేను చూసిందే రాయగలనండి" అని మేడం రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చింది.

ట్రే తీసుకుని వెనక గుంత దగ్గరికి పోయాను. మొప్పలు మందార పువ్వులా ఎర్రగా ఉన్నాయి. వాణ్ణి అక్కడికే పిలిచాను.

"ఏడ పట్టినవ్ రా వీటిని?"

"తూము కాడ. గాడ లోతెక్కువ, ఇంక పానంగున్నయ్."

"ఒడ్డుకు తేలినయి తేవాలె గద!"

"నువ్వే అంటివి, మంచియి తెమ్మని."

"మంచిగ తెమ్మన్న. మంచియి తెమ్మన్ననా?"

"గా ఫరక్ నాకేం ఎర్క అక్కా? పెద్దమనుషుల ఇంటికి సచ్చిన చేప పట్కపోతమా? సర్కారు ఆఫీసుకు ఎట్ల తేవాలె? ఒకటే చెరువు, ఒకటే నీళ్ళు. ఏ చేపను కోసినా విషం అండ్లనే ఉంటదనుకున్న."

"పో, ఇప్పుడే పో. తేలినయి పట్కరా."

వాడు పోయాడు. బస్సు దొరికి ఊరు చేరేసరికి చీకటి పడింది. ఆ రాత్రి పెద్ద వాన పడింది. తెల్లారి తమ్ముడు చెరువుకు పోయేసరికి తూము దగ్గరివి కూడా చచ్చిపోయాయి. ఊపిరి ఉన్న చేప ఒక్కటీ దొరకలేదు. అప్పుడు మేడంకు జరిగిందంతా చెప్పాను. ఆమె థర్మాకోల్ పెట్టె పట్టుకుని నాతో ఆటోలో బయలుదేరింది. కట్ట మీద ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నిలబడ్డాం. ఉబ్బిన చేపల మీద కాకులు వాలి ఉన్నాయి. మేడం నాలుగైదింటి మూతలు ఎత్తింది. మొప్పలు వేళ్ళకు ముద్దలా అంటుకుని వచ్చాయి. కొత్త నీరు వచ్చి చెరువు సగం నిండింది. అయినా సీసాలో నీళ్ళు పట్టి పట్నానికి పంపింది. ఆ పరీక్షలో విషం ఏమీ తేలలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నేనడిగాను, ఆ కాగితం మార్చి రాయొచ్చా అని.

"ఏం చూసి రాయమంటారు?" అంది. ఖాళీ పెట్టె ఒళ్ళోకి జరుపుకుని, "మొదటి రోజే చెప్పాల్సింది పెద్దమ్మగారూ" అంది. అంతకన్నా తిట్టలేదు. తిడితే బాగుండేది. మరుసటి ఏడు ఆమెకు బదిలీ అయింది.

సొసైటీ వాళ్ళు మళ్ళీ చేపపిల్లలు వదిలారు. అవీ చచ్చిపోయాయి. మళ్ళీ అర్జీ పెట్టారు. చాలా రోజుల తర్వాత జవాబు వచ్చింది. చదివి చెప్పమని తమ్ముడు, ఇంకో నలుగురు మా ఇంటికి వచ్చారు. కూడబలుక్కుంటూ చదివాను. సదరు చెరువులోని చేపలను గతంలో ప్రభుత్వ ప్రయోగశాలలో పరీక్షించగా అవి ఆరోగ్యంగా ఉన్నట్లు తేలినందున తదుపరి చర్య అవసరం లేదని రాసి ఉంది. వెనక మా ల్యాబు కాగితం జిరాక్సు జోడించారు.

"ఏమంటున్నరు బిడ్డా?" అని ముసలాయన ఒకడు అడిగాడు.

"చేపలకు ఏం కాలేదంటున్నరు."

"ఏ చేపలకు? ఏడున్నయే చేపలు?"

ఎవరూ నవ్వలేదు. ఆ చేపలు ఎవరు తెచ్చారు, ఎందుకు తెచ్చారు అని వాళ్ళు అడుగుతారేమోనని నేను తల ఎత్తలేదు. తమ్ముడే చెప్పాడు.

"నాదే తప్పు. నాకు తెల్వక తెచ్చిన."

ముసలాయన వాణ్ణి మా వాకిట్లోనే బూతులు తిట్టాడు. నేను కాగితం మడత పెడుతూ కూర్చున్నాను.