వాటాకొక స్పీకర్

మా నాన్న పోయాక ఆయన స్పీకర్లను పంచిన రోజున నన్ను టీ పెట్టమన్నారు.

ఆ ఇంట్లో నాకు పైన అన్నయ్య, కింద తమ్ముడు. నాన్న ఒడిశా సరిహద్దులోని మాచ్‌ఖండ్ పవర్‌హౌస్‌లో ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. ఆ డబ్బుతో రాయగడ దగ్గర కొల్నారలో రోడ్డు పక్కన కొంత స్థలం కొన్నాడు కానీ దానిమీద ఇల్లు కట్టకుండానే, రాయగడలో అద్దె ఇంట్లో పోయాడు. అమ్మ అంతకు ముందే పోయింది. కర్మలు ముగిసిన మర్నాడు, గుణుపూర్ దగ్గర వ్యవసాయం చేసుకునే మా చిన్నాన్న పెద్దమనిషిగా కుర్చీలో కూర్చున్నాడు. అన్నయ్య, తమ్ముడు చెరో పక్కన కూర్చున్నారు. నాకు స్టవ్ దగ్గర చోటిచ్చారు.

మా వైపు పంపకాల్లో ఒక పద్ధతి ఉంది. ఏ సామానైనా రెండుంటే కొడుక్కొకటి. ఒకటే ఉంటే చీటీ వేస్తారు. బిందెలు, మంచాలు, ఫ్యాన్లు అలాగే పోయాయి. స్థలాన్ని కూడా పొడుగునా రెండు ముక్కలు చేసి నోటిమాటగా పంచేశారు. తర్వాత చిన్నాన్న చూపు గోడవారనున్న స్పీకర్ల మీద పడింది.

నేను గిన్నె దింపి గుమ్మం దగ్గరికొచ్చాను. "అయి రెండూ కలిపి ఒక సామానే సిన్నాన్నా. ఇడదీత్తే ఎందుకూ పనికిరావు," అన్నాను.

"రెండు డబ్బాలు కళ్ళెదురుగా కనిపిత్తంటే ఒకటంటావేటమ్మీ? టీ అయిందేటి సూడు," అన్నాడు చిన్నాన్న. అందరూ నవ్వారు. అన్నయ్య ఎక్కువ నవ్వాడు. కుడిది అన్నయ్యకి, ఎడమది తమ్ముడికి అని తేల్చి, టీ తాగి, చేతులు దులుపుకున్నారు. టీలో పంచదార వెయ్యలేదు నేను. ఎవరూ గమనించినట్టు లేరు.

ఆ స్పీకర్లను నాన్న మాచ్‌ఖండ్ కాలనీలో బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక ఇంజనీరు దగ్గర కొన్నాడు. టేకు చెక్క డబ్బాలు, ముందు గోధుమరంగు గుడ్డ. లోపల పళ్ళెమంత కాగితపు కోను. క్వార్టర్లో ముందుగది చిన్నది. నాన్న పురికొస తెచ్చి ఒక స్పీకర్ నుంచి రెండోదానికి కొలిచేవాడు. అదే కొలత పెట్టి, రెండింటికీ సమానదూరంలో చాప వేసి నన్ను కూర్చోబెట్టేవాడు. అన్నయ్యనీ తమ్ముణ్ణీ కూడా పిలిచేవాడు గానీ వాళ్ళకి క్రికెట్టే లోకం. క్యాసెట్టు పెట్టాక ఎడమ పక్క నుంచి వీణ, కుడి పక్క నుంచి మృదంగం వచ్చేవి. పాడే ఆవిడ మాత్రం సరిగ్గా మధ్యలో ఉండేది.

"మద్దిలో గోడ తప్ప ఏటీ నేదు, సూడమ్మీ. ఆవిడ అక్కడే నిలబడి పాడతంది," అనేవాడు నాన్న. నేను లేచి వెళ్ళి గోడ తడిమి చూసేదాన్ని. నాన్న ముసిముసిగా నవ్వేవాడు. నన్ను ఒక మనిషిగా లెక్కపెట్టి ఏదైనా చూపించింది ఆయనొక్కడే. ఆ ఇంట్లో నాకు దక్కిన వాటా ఏదైనా ఉందంటే ఆ చాపే.

పంపకాలయ్యాక కొన్నేళ్ళు స్పీకర్ల ఊసెత్తలేదు. నాకూ ఉద్యోగం, సంసారం ఉన్నాయి. రాయగడ మున్సిపాలిటీలో కుళాయిల విభాగంలో గుమాస్తాని. ఊళ్ళో ఎవరి కుళాయిలో నీళ్ళు రాకపోయినా తిట్లు తినేది నేనే కాబట్టి సాయంత్రానికి కాస్త మంచి శబ్దం వినాలనిపించడంలో తప్పులేదు. ఒకరోజు తమ్ముడి ఇంటికి వెళితే మేడమెట్ల కింద నాన్న స్పీకర్ కనిపించింది. దాని మీద ఉల్లిపాయల బస్తా ఉంది.

"అమ్ముతావేటి?" అన్నాను.

"పాడైపోయిందప్పా. అయినా నీ ఇష్టం," అన్నాడు తమ్ముడు. మా వైపు అక్కని అప్ప అంటాం. పాడైపోయిందన్న వస్తువుకి మంచి ధరే చెప్పాడు. నేను బేరమాడలేదు. ఆ బరువు మొయ్యడానికి తమ్ముడు, ఆటో డ్రైవరు కలిసి ఆపసోపాలు పడ్డారు.

ఇంటికి తెచ్చి గుడ్డ ఊడదీస్తే కోను చుట్టూ ఉండే ఫోమ్ వలయం నల్లటి జిగురు ముద్దయి వేలికి అంటుకుంది. పాత స్పీకర్లకి ముందు పోయేది అదే. కోను కదలడానికి ఆధారం అదే కాబట్టి, అది పోతే అంతా గరగరే. రాయగడలో మైకుసెట్టు దుకాణాయన చూసి, కోనూ అయస్కాంతమూ అన్నీ పారేసి కొత్తది బిగిస్తానన్నాడు. పెళ్ళి ఊరేగింపుకి వినపడేలా మోగుతుందట. నమస్కారం పెట్టి వచ్చేశాను.

బాగుచేయడం నేనే నేర్చుకున్నాను. వీడియోలు చూశాను. సంతలో పాత సామాన్లు కొనే కబాడీవాడి దగ్గర ఒక పాత స్పీకర్ కొని, ముందు దాన్ని పాడుచేసి నేర్చుకున్నాను. తర్వాత నాన్నదాని మీద చెయ్యి వేశాను. పాత జిగురుని మొండి చాకుతో, స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో మెల్లగా తీయాలి. తొందరపడితే కాగితం చిరుగుతుంది. కోను వెనక రాగితీగ చుట్ట అయస్కాంతం సందులో కూర్చుంటుంది. అది వెంట్రుకవాసి పక్కకి జరిగినా రాసుకుంటుంది. అందుకని మా ఆయన మోకాలి ఎక్స్‌రే ఫిల్మును సన్నటి ముక్కలుగా కత్తిరించి, చుట్టూ సందులో దోపి నిలబెట్టాను. కొరియర్లో తెప్పించిన కొత్త వలయాన్ని అతికించి, చుట్టూ బట్టల క్లిప్పులు పెట్టి ఆరనిచ్చాను. కొండల చెమ్మకి బుడగలు లేచిన టేకు పొరని తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేశాను. ఆరాక టార్చిలైటు బ్యాటరీని తీగలకి తాకిస్తే కోను ఒక్కసారి ముందుకి ఉబికింది. నేను వంటింట్లోకి పరిగెత్తి మా ఆయన్ని చెయ్యి పట్టి లాక్కొచ్చాను.

"నా మోకాలు మొత్తానికి ఒకదానికి పనికొచ్చింది," అన్నాడాయన.

నాన్న క్యాసెట్టు పెట్టాను. వీణ వచ్చింది. ఎంత బాగా వచ్చిందంటే తీగ మీద గోరు ఆనడం వినిపించింది. మృదంగం మాత్రం లేదు. పాడే ఆవిడ మధ్యలో లేదు, డబ్బాలో ఇరుక్కుని ఉంది. రెండు పక్కల శబ్దాన్నీ కలిపి ఒకేదానిలో వినొచ్చు, ఆ తీగ కలపడం నాకు తెలుసు. కలపబుద్ధి కాలేదు. తర్వాత వేరే కంపెనీ పాత జత ఒకటి కొని బాగుచేశాను. అది బ్రహ్మాండంగా పాడుతుంది, మధ్యలో మనిషి కూడా నిలబడుతుంది. కానీ నాకు మా నాన్న నిలబెట్టిన మనిషి కావాలి. మంకుపట్టు అనుకుంటే అనుకోండి.

అన్నయ్య సునాబెడలో ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఉండేవాడు. కొరాపుట్ వరకు వెళ్ళి అక్కడ బస్సు మారి వాళ్ళింటికి వెళ్ళాను. నాన్న కుడి స్పీకర్ వంటింటి గుమ్మం పక్కన ఉంది. దాని మీద నీళ్ళ ఫిల్టరు పెట్టారు. కుళాయి నుంచి చుక్క చుక్క కారి టేకు మీద తెల్లటి చార కట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది, అయినా నవ్వుతూనే అడిగాను. కొంటానన్నాను. దాని బదులు స్టాండు కొనిస్తానన్నాను.

"నాన్న ఇచ్చిన వాటా అమ్ముకుంటామేటి? నలుగురూ నవ్వుతారు," అన్నాడు అన్నయ్య.

వంటింట్లోంచి వదిన గొంతు వినిపించింది. ఆవిడ గొంతు తగ్గించాలనే అనుకుంది పాపం. "ఇచ్చీవు గాని. ఇయాల డబ్బా అంటాది, రేపు కొల్నార జాగా అంటాది. ఒకపాలి పుట్టింటి సొత్తు రుచి సూపిత్తే ఆగుతాదేటి?"

నిజం చెబుతున్నాను, కొల్నార స్థలం సంగతి అప్పటిదాకా నా బుర్రలో లేదు. వదినే తెచ్చి పెట్టింది. ఆ తర్వాత వెళ్ళినప్పుడల్లా అడిగాను, వెళ్ళినప్పుడల్లా అదే జవాబు. చివరికి వాళ్ళింట్లో మంచినీళ్ళు తాగడం మానేశాను. ఆ ఫిల్టరులో నీళ్ళు నాకు గొంతు దిగేవి కావు.

ఇంతలో కొల్నార రోడ్డు వెడల్పయింది. స్థలాల ధరలకి రెక్కలొచ్చాయి. అన్నయ్యా తమ్ముడూ కలిసి అమ్మడానికి చూస్తే, కొనేవాడు కాస్త చదువుకున్నవాడు కావడంతో, ఆడపిల్ల ఉందట కదా, ఆవిడ సంతకం లేకపోతే కొననన్నాడట. తమ్ముడే ఫోనులో చెప్పాడు. నేను ఔననలేదు, కాదనలేదు. వాళ్ళు ఎలా అడుగుతారో చూద్దామనుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున్న మా ఇంటి ముందు కారు ఆగింది. అన్నయ్య, వదిన, తమ్ముడు, చిన్నాన్న దిగారు. వదిన చేతిలో పళ్ళెం, అందులో చీర, కొబ్బరికాయ, పసుపు, కుంకుమ. అన్నయ్య డిక్కీ తెరిచి కొత్త దుప్పట్లో చుట్టిన పెద్ద డబ్బా బయటికి తీశాడు. నేను చెప్పుల్లేకుండానే మెట్లు దిగాను.

మా వాళ్ళలో ఆడపిల్లకి వాటా ఇవ్వడం ఇష్టం లేనప్పుడు పసుపుకుంకుమ కింద ఏదో ఒకటి ఇస్తారు. ఓ ఆవుదూడో, పిసరంత బంగారమో. ఆడపిల్ల పెద్దల ముందు "నాకు ముట్టింది" అని ఒక మాట అనాలి. ఆ మాటతో పుట్టింటి ఆస్తితో ఆమెకి సంబంధం తెగిపోతుంది. సంతకాలు తర్వాత ఆఫీసులో ఎలాగూ పెట్టిస్తారు, కానీ మా వాళ్ళకి అసలైన రిజిస్ట్రీ ఆ మాటే.

దుప్పటి విప్పారు. నాన్న స్పీకరే. కొత్త మోటారుసైకిలుకి చేసినట్టు టేకు మీద అడ్డంగా పసుపు పూసి కుంకుమబొట్లు పెట్టారు.

"ఇన్నాళ్ళూ దీని కోసమే గదా ఏడిసేవు. తీసుకో అమ్మీ," అన్నాడు చిన్నాన్న. "అన్నదమ్ములు మనస్ఫూర్తిగా ఇత్తన్నారు. నాకు ముట్టిందని ఒక్క మాట అనీ. అందరం కూకుని అన్నాలు తిందాం."

"మరి నాను ఇచ్చింది కూడా పసుపుకుంకంలోకే ఏసుకో అప్పా," అన్నాడు తమ్ముడు. డబ్బు తీసుకున్న సంగతి అప్పుడే మరిచిపోయాడు.

నా కళ్ళు అన్నయ్య మీద ఉన్నాయి. రిటైరై మోకాళ్ళ నొప్పులతో మూలిగే మనిషి, ఆ డబ్బాని ఒక్కడే కారులోంచి తీసి, మెట్లెక్కి, గదిలో దింపాడు. ఆయాసం కూడా రాలేదు. నేను లోపలికెళ్ళి స్క్రూడ్రైవరు తెచ్చాను.

"ఏటమ్మీ అది?" చిన్నాన్న ముఖం మాడ్చుకున్నాడు. "పెద్దోల ముందర పసుపుకుంకం ఇప్పి సూత్తారేటి ఎవులైనా?"

 నేను డబ్బాని వెనక్కి తిప్పి మరలు విప్పాను. వెనక చెక్క ఊడి వచ్చింది. లోపల ఏమీ లేదు. తెంపిన తీగలు రెండు, ఒక సాలెగూడు ఉన్నాయి. ముందు గుడ్డలోంచి మా వీధి వెలుతురు కనిపించింది.

"కబాడీవోడు అయస్కాంతం బాగుందని అడిగితే మీ వొదిన ఇచ్చీసింది," అన్నాడు అన్నయ్య. "ఎన్నాల కిందట మాటో. మోగందాన్ని ఉంచుకుని ఏటి సేత్తాం? డబ్బా సెక్కుసెదరనేదు గదా, సూడు. టేకు."

వాడి ముఖంలో మోసం కోసం వెతికాను. లేదు. అదే నన్ను ఎక్కువగా కాల్చింది. స్పీకర్ అంటే డబ్బాయేనని వాడు నిజంగా అనుకుంటున్నాడు. చిన్నప్పుడు నాన్న ఎన్నిసార్లు పిలిచినా ఆ చాప మీదకి రాని మనిషికి, లోపల ఏముండేదో ఎలా తెలుస్తుంది?

"అను అమ్మీ," అన్నాడు చిన్నాన్న. "పెద్దోన్ని, నా మాట తీసీకు."

"నాకు ముట్టనేదు," అన్నాను.

ఆ తర్వాత అనుకున్న మాటలు రాయను. వాళ్ళూ అన్నారు, నేనూ అన్నాను. అన్నాల పొద్దు కాకముందే లేచి వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు వదిన, తన అవసరం తను మరిచిపోకుండా, "మరైతే ఆ డబ్బా పట్టుకొచ్చీండి, ఫిల్టరు కిందకి ఉంటాది," అంది. అన్నయ్య పసుపు పూసిన డబ్బాని మళ్ళీ ఒక్కడే ఎత్తుకుని డిక్కీలో పెట్టాడు. నేను అడ్డుపడలేదు.

నేను వకీలుని పెట్టుకున్నాను. స్థలాన్ని ముగ్గురికీ సమంగా పంచాలని రాయగడ కోర్టులో దావా నడుస్తోంది. అన్నయ్య మాట్లాడడు. తమ్ముడు ఎదురైతే ఫోను చెవి దగ్గర పెట్టుకుంటాడు. చుట్టాలింట్లో శుభకార్యానికి వెళితే ఆడవాళ్ళు పక్కకి జరుగుతారు. జాగా కోసం తోడబుట్టినోల్ని కోర్టుకి ఈడ్చిందని నాకు వినపడేలానే అంటారు. అననీ. కాదని నేనెవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెప్పినా నమ్మరు.

ఒక సంగతి మాత్రం మా ఆయనకి కూడా చెప్పలేదు. ఆ రోజు మరలు విప్పుతున్నప్పుడు, లోపల చినిగిన కాగితపు కోనూ తుప్పుపట్టిన అయస్కాంతమూ కనిపించి ఉంటే, నేను ముట్టిందని అనేదాన్ని. కొల్నార స్థలం మొత్తం వదిలేసేదాన్ని. వాళ్ళకి అన్నం వండిపెట్టి, అడిగినచోట సంతకం పెట్టి, ఎక్స్‌రే ఫిల్ము కత్తిరించుకుంటూ కూర్చునేదాన్ని. ఒక పాత స్పీకరుకి అమ్ముడుపోవడానికి సిద్ధంగా ఉన్నాను నేను. ఆ మాత్రం ధర కూడా నాకు పెట్టడం ఎక్కువే అనిపించింది మా వాళ్ళకి.