ఇద్దరు ఖాలాల పగళ్లు

మొన్న రంజాన్‌లో ఒకరోజు, తెల్లారకముందే సహరీ తిని, నమాజు చేసుకుని, మళ్లీ ఒక కునుకు తీసి లేచేసరికి మా దువ్వాడ ఇంట్లో టీవీ మోగుతోంది. వాతావరణం చెప్పే అమ్మాయి, ఈరోజు భూమ్మీద అన్నిచోట్లా పగలూ రాత్రీ సమానమని చెప్పి, అదంతా తన ఏర్పాటే అయినట్టు ముచ్చటగా నవ్వింది. మా ఆవిడ చానెల్ మార్చేసింది. నేను మాత్రం లేచి చొక్కా తొడుక్కుని, ఇవాళ ఇఫ్తార్ వన్ టౌన్‌లో పెద్ద ఖాలా దగ్గరేనని చెప్పాను. ఆ రోజు కోసం ఆమె ఎన్నేళ్లుగా కాచుకుని ఉందో నాకు తెలుసు.

మా అమ్మకి ఒక అక్క, ఒక చెల్లెలు. అమ్మ పోయాక వాళ్లిద్దరే నాకు మిగిలిన అమ్మలు. పెద్ద ఖాలా వన్ టౌన్‌లో ఒక ఇరుకు సందులో, కింద దర్జీ దుకాణం, పైన రెండు గదులు ఉన్న ఇంట్లో ఉంటుంది. డాబా మీద బట్టలారేస్తే పోర్టు బొగ్గు ధూళి వాటిని పలకరించి పోతుంది. చిన్న ఖాలా పెళ్లి చేసుకుని మెల్‌బోర్న్ వెళ్లిపోయింది. మా ఇంట్లో ఉర్దూ, తెలుగు కలిసిపోయి ఉంటాయి. ముద్దు మాటలు ఉర్దూలో వస్తాయి. దెబ్బలాటలు మాత్రం శుద్ధంగా మా విశాఖ తెలుగులోనే సాగుతాయి. అక్కాచెల్లెళ్లిద్దరూ ఫోన్లో ఎక్కువగా తెలుగే మాట్లాడుకునేవారంటే మీకర్థమయ్యే ఉంటుంది.

రంజాన్ నెల ఏటా కొద్దిరోజులు ముందుకి జరుగుతూ వస్తుంది. కొన్నేళ్ల కిందట అది సరిగ్గా మా జూన్‌లో పడింది. వైజాగ్‌లో జూన్ అంటే తెలిసిందే కదా, ఎండకి ఉక్కపోత తోడు. రోజా ఉపవాసం ఉన్నవాళ్లకి పగలు ఎంతకీ తెగదు. అలాంటి ఒక మధ్యాహ్నం పెద్ద ఖాలా తడిగుడ్డ నెత్తిన వేసుకుని ఫ్యాను కింద కూలబడి ఉంటే, ఫోన్లో చిన్న ఖాలా ప్రత్యక్షమయింది. స్వెట్టరు మీద శాలువా కప్పుకుని, వేడివేడి సమోసా నములుతోంది. అక్కడ అప్పుడే సూర్యుడు గుంకాడట. చలికాలమట.

"ఏటే ఇది? నాకింకా మజ్జానం జొహర్ నమాజు కూడా అవలేదు, నువ్వప్పుడే తింటన్నావా?" అంది పెద్ద ఖాలా.

"నానేటి సేత్తాను ఆపా, మాకిక్కడ పొద్దు పొట్టిది" అంది చెల్లెలు నోటినిండా సమోసాతో.

"సిన్నప్పట్నించీ దానికి అన్నీ సగం పనులే. ఇప్పుడు రోజా కూడా సగమే" అని పెద్ద ఖాలా నా వైపు చూసి తీర్పు చెప్పేసింది. నేను అక్కడున్న స్టీలు చెంబుని ఒక పక్కకి వంచి, భూమి ఇలా వాలి తిరుగుతుందనీ, ఎటు సూర్యుడి వైపు వాలితే అటు ఎండాకాలమనీ, అవతలి వాళ్లకి చలికాలమనీ విడమరిచి చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, "అంటే భూమికి కూడా నడుం వంగిపోయిందేటిరా?" అంది. ఆ తర్వాత కూడా ఆమెకి పూర్తి నమ్మకం కుదరలేదు. అటు వెళుతున్న ఎవరి చేతనో చెల్లెలికి సబ్జా గింజలు, గులాబీ షర్బత్ సీసా పంపింది, దాహానికని. చలికి వణుకుతూ చిన్న ఖాలా ఆ సీసాని అల్మరాలో దాచిందట. బదులుగా ఉన్ని శాలువా ఒకటి పంపింది. అది మా రోళ్లు పగిలే ఎండల్లో వచ్చి చేరింది.

నవ్వులాట అంతటితో ఆగిపోయింది. ఆ మరుసటేడు రంజాన్‌లో పెద్ద ఖాలా వంటగదిలో కళ్లు తిరిగి పడిపోయింది. షుగరు. అంత పొడుగు పగళ్లలో ఉపవాసం ఉంటే ప్రాణానికే ముప్పని డాక్టరు గట్టిగా చెప్పాడు. నెలంతా ఆమె అందరికీ వండి పెట్టింది, తాను మాత్రం ఇఫ్తార్‌కి పరిచే దస్తర్‌ఖాన్ గుడ్డ దగ్గరకి వచ్చి కూర్చునేది కాదు. "రోజా లేనిదాన్ని, నాకేటి పని అక్కడ" అనేది. ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖం చూడలేకపోయేవాణ్ణి.

వదిలేసిన రోజాలు తర్వాత ఎప్పుడైనా తీర్చుకోవచ్చు. అందుకని డిసెంబరులో, పగలు బాగా కురచగా ఉండే రోజుల్లో, డాక్టరు ఒప్పుకున్నన్ని ఉండటం మొదలుపెట్టింది. కానీ రంజాన్ కాని రోజుల్లో సందంతా తింటూ ఉంటే, తానొక్కతే ఉపవాసం ఉండటం ఎంత ఒంటరితనమో! రెండో రోజు మధ్యాహ్నం దాటాక ఫోన్ మోగింది. చిన్న ఖాలా. చెమటలు కారుతున్న ముఖం, ఎండిపోయిన పెదాలు. వాళ్లకి అది నడి ఎండాకాలం, ఏడాది మొత్తంలో అతి పొడుగు పగళ్లు. ఆమె చేతిలో, పొద్దు గుంకాక తాగడానికి కలిపి పెట్టుకున్న, అక్క పంపిన గులాబీ షర్బత్ గ్లాసు ఉంది.

"నువ్వు రోజా ఉన్నావా? ఎందుకే, నీకు బాకీ లేదుగదా!"

"నీకు తోడు ఆపా. అప్పుడు నాది సగం రోజా అన్నావుగదా, మిగతా సగం ఇప్పుడుంటన్నాను."

పెద్ద ఖాలా లేచి లోపలికెళ్లింది. ఆ ఉన్ని శాలువా తెచ్చి భుజాల మీద కప్పుకుని, అది బాగా కనిపించేలా ఫోన్ ముందు కూర్చుంది. ఆ ఒక్క డిసెంబరే కాదు, తర్వాత ప్రతి డిసెంబరూ వాళ్లిద్దరూ అలాగే ఉన్నారు.

రంజాన్ జరుగుతూ జరుగుతూ మార్చికి వచ్చింది. మొన్న నేను వెళ్లేసరికి పెద్ద ఖాలా, చాలా ఏళ్ల తర్వాత రంజాన్‌లోనే డాక్టరు ఒప్పుకున్న రోజాలో ఉంది. దస్తర్‌ఖాన్ పరిచి, అందరికంటే ముందు తానే కూర్చుంది. ఎప్పుడో ఇఫ్తార్ అయిపోయిన చిన్న ఖాలా నిద్రపోకుండా ఫోన్లో కాచుకుని ఉంది. "ఇవాళ నీకెంతో నాకంతే ఆకలి ఆపా" అంది. అజాన్ వినిపించింది. పెద్ద ఖాలా ఖర్జూరం నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది. కళ్ల చివరల తడి నాకు కనబడింది.

"ఇంకొన్నేళ్లకి రంజాన్ మా సలికాలానికొచ్చేత్తాది" అంది తర్వాత చెల్లెలితో. "అప్పుడు పొడుగు పగళ్లు నీవి. నువ్వూ ముసల్దానివైపోతావు, ఉండలేవు. వదిలేసినవి మీ సలికాలంలో తీర్సుకో. మాకు ఎండలైనా సరే, నాను తోడుంటాను."

అవతల చిన్న ఖాలా ఫోన్‌కి దగ్గరగా జరిగింది. "అప్పటిదాకా ఉండు ఆపా, సాలు" అంది.

రాత్రి దువ్వాడ తిరిగి వస్తూ అదే ఆలోచించాను. పండగ నెల ఏటా కొన్ని రోజులు జరుగుతూ పెద్ద ఖాలాకి కలిసొచ్చే చలికాలం వైపు నడిచి వస్తోంది. ఆమె కోసం కాస్త తొందరగా రమ్మని కాలాన్ని అడగాలో, ఆమె కోసమే మెల్లగా రమ్మని బతిమాలాలో నాకింకా తేలలేదు.