దొర టోపీ మింగిన ముత్తాత

మా వీధిలో స్టేషన్ మాస్టారుగా చేసి రిటైరైన ఒకాయన ఆడవాళ్ళ చెవులకేసి అదే పనిగా చూస్తారనీ, ఆ చూపంతా కమ్మల మీదేననీ ఒక పుకారుంది. పుట్టించినదెవరో నాకు తెలుసు గానీ, ఆవిడ మా తోడికోడలు కాబట్టి చెప్పను. శుద్ధ అబద్ధం. మాస్టారు మగవాళ్ళ చెవులు కూడా చూస్తారు.

సంగతేమిటంటే, తెల్లదొరల కాలంలో ఆయన ముత్తాత, రైలు పట్టాలు వేయించే ఒక దొర దగ్గర వంటవాడు. దొర వెంట తిరుగుతూ ఎక్కడెక్కడ సంసారాలు పెట్టాడో ఎవరికీ తెలియదు. మిగిలింది ఒక్క ఫోటో. అందులోనూ ముందు నిలబడ్డ దొర టోపీ ముత్తాత మొహాన్ని మింగేసి, చెవి ఒక్కటి వదిలింది. తమ్మె వేలాడకుండా బుగ్గకి అతుక్కుపోయిన చెవి. దాన్ని పట్టుకుని మాస్టారు వంశం వెతుకుతున్నారు.

"కాస్త తల తిప్పవయ్యా," అంటారు కూరలబండి వాడితో.

"వంకాయలు ఇటున్నాయి మాస్టారూ!"

"వంకాయలు తరవాత. మీ తాతది ఏ ఊరు?"

పళ్ళ డాక్టరు నోరు తెరవమంటే, ఈయన ఆ డాక్టరు మాస్కు తాడు తప్పించి చెవి చూశారు. నేనూ ఒకనాడు జుట్టు వెనక్కి తీసి చూపించాను.

"కాదులెండి అక్కగారూ, మీది మరీ పెద్దది," అన్నారు.

వీధి కబుర్లన్నీ పట్టాలంటే ఆ మాత్రం ఉండొద్దూ?

ఇలా ఉండగా, కుట్టుకొట్టు అమ్మాయినీ సైకిల్ షాపు అబ్బాయినీ కలిపే మాట వచ్చింది. ఇద్దరికీ ఇష్టమే. అమ్మాయి అనాథాశ్రమంలో పెరిగింది. అబ్బాయి తల్లి కొట్టుకే వచ్చి కూర్చుంది. నేను జాకెట్టు కొలతల వంకన అక్కడే ఉన్నాను.

"పిల్లకి వంక పెట్టను. కానీ నా పిల్ల అనేవాళ్ళు అటు ఒక్కరైనా ఉండాలా వద్దా? రేపు వీళ్ళిద్దరూ పోట్లాడుకుంటే నేనెవరితో పోట్లాడాలి? ఇది కుదరదు," అని లేచింది.

అమ్మాయి తల వంచుకుని మిషను తొక్కుతూనే ఉంది. సూది కింద గుడ్డ లేదు.

ప్యాంటు తీసుకెళ్ళడానికొచ్చిన మాస్టారు గుమ్మంలో ఆగారు. జేబులోంచి ఫోటో తీశారు.

"తల ఇటు తిప్పమ్మా... దొరికింది! అచ్చం మా ముత్తాత చెవే! ఏమండీ, మీరు పోట్లాడాల్సింది నాతో. పొద్దున పూట ఇంట్లోనే ఉంటాను."

ఆవిడ ఫోటో అటూ ఇటూ తిప్పింది. "టోపీ తప్ప నాకేం కనబడదే!"

"చెవి చూడటానికి అలవాటుండాలమ్మా."

"సరే బాబాయిగారూ. ముందు మీ మనవరాలికి బుద్ధి చెప్పండి. ఉత్త మిషను తొక్కితే సూది విరగదూ?"

"అప్పుడే మొదలెట్టారా! నా మనవరాలి మిషను, నా మనవరాలి సూది!"

అమ్మాయి ఫక్కున నవ్వింది. సంబంధం ఖాయమైంది.

నా కళ్ళు ఊరుకుంటాయా? ఆ అమ్మాయి తమ్మెలు చక్కగా వేలాడుతున్నాయి. మెట్ల దగ్గర మాస్టారిని పట్టుకున్నాను.

"నిజం చెప్పండి. ఆ చెవెక్కడ, ఈ చెవెక్కడ?"

ఆయన ప్యాంటు మడత సర్దుకున్నారు.

"అసలు చెవులవాళ్ళు దొరక్కపోలేదు అక్కగారూ. ఆస్తికోసం వచ్చాననుకుని తలుపేసుకున్నారు. ఈ పిల్ల చెవి చూస్తానని మొదటిసారి వెళ్ళినప్పుడు మాత్రం, 'ముందు స్టూలు మీద కూర్చోండి తాతయ్యా, చెవి ఎక్కడికీ పోదు' అంది."