సర్పంచి గారికి ఫోనివ్వండి

చట్టసభల్లో ఆడవాళ్లకు మూడో వంతు సీట్లివ్వాలని 2023లో రాజ్యాంగాన్ని సవరించిన రోజు, రాస్ అల్ ఖైమాలో ఆసుపత్రి వాళ్లిచ్చిన గదిలో నలుగురం నర్సులం ఫోను చుట్టూ చేరి చప్పట్లు కొట్టాం. అందరివీ గోదావరి జిల్లాలే. అమలు ఎప్పుడో మాత్రం చెప్పలేదని ఒకామె సణిగింది. నాకు మటుకు రెండేళ్ల కిందటి ఫ్లెక్సీ గుర్తొచ్చి చప్పట్లు ఆగిపోయాయి.

2021లో మా ఊరి సర్పంచి పదవిని మహిళలకు కేటాయించారు. మా చెల్లి నిలబడి గెలిచింది. కోవిడ్ వార్డులో సెలవు దొరక్క నేను వెళ్లలేకపోయాను. ఊళ్లో ఎవరు ఏది గెలిచినా దుబాయ్ వాళ్ల పేరిట సెంటర్లో ఫ్లెక్సీ కట్టడం మా వైపు ఆనవాయితీ. రాస్ అల్ ఖైమాలో ఉన్నా మా ఊరికి నేను దుబాయ్ మనిషినే. డిజైను వాట్సాప్‌లో వచ్చింది. చేతులు జోడించి నిలువెత్తున మా మరిది, అంటే చెల్లి మొగుడు. కింద వరసలో నేనూ, ఊరు వేరైనా సరదాపడ్డ నా గదివాళ్లూ. పై మూలన తపాలా బిళ్లంత మా చెల్లి. నా ఫోటో బాగా వచ్చిందా లేదా అన్నదొక్కటే చూసుకుని, "సూపర్, కట్టించెయ్యండి" అని మెసేజ్ పెట్టాను.

కట్టిన రోజే చెల్లి ఫోన్ చేసింది.

"అక్కా, జనం ఓట్లేసింది నాకా, ఆయనకా?"

"అదేంటే, నీకే కదా."

"మరి ఆ ఫ్లెక్సీ ఏంటి? ఊళ్లోవాళ్లంటే సరే. నువ్వు కూడానా? ఆఫీసులో కుర్చీలో ఆయనే కూకుంటన్నాడు. కాగితాలేమో ఇంటికొత్తన్నాయి. పొయ్యి కాడ నిలబడి సంతకాలెడతన్నాను."

సిగ్గుతో తల తీసేసినట్టయింది. పంచాయతీల్లో ఆడవాళ్లకు సీట్లిచ్చిన డెబ్బై మూడో సవరణ వచ్చేనాటికి నాకు ఏడేళ్లు. మా వీధికి కుళాయి కావాలని అమ్మ నన్ను వెంటబెట్టుకుని పంచాయతీ ఆఫీసుకు వెళ్తే, "మీ ఆయన్ని పంపించమ్మా" అని మెట్ల మీద నుంచే పంపేశారు. చెల్లి గెలిచేనాటికీ ఆ కుళాయి రాలేదు. పద్దెనిమిదేళ్లకే ఓటిచ్చింది ఒక సవరణ, చదువును పిల్లల హక్కు చేసింది మరొకటి, అమ్మ ఆగిపోయిన మెట్లు దాటించి మా చెల్లిని కుర్చీ దాకా తెచ్చింది ఇంకొకటి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఆ పూజారి మరిదే అనుకుని ఊరుకుందామంటే మనసొప్పలేదు. "సూపర్" అన్నది నేనే కదా. నేను చెడగొట్టింది నేనే బాగుచెయ్యాలనుకున్నాను.

ఆ మరుసటి వారం ఫోన్ చేస్తే అలవాటుగా మరిదే తీశాడు.

"ఆయ్, చెప్పండి వదినగారూ! కుళాయి సంగతేనా?"

"సర్పంచి గారికి ఫోనివ్వండి."

"ఇంట్లో సర్పంచి గారేంటండీ బాబూ!" అని పకపకా నవ్వాడు.

"సర్పంచి గారికి ఫోనివ్వండి" అన్నాను మళ్లీ.

వారం వారం అదే పాట. అబుదాబీలో, దుబాయ్‌లో ఇళ్లల్లో పనిచేసే మా ఊరి ఆడవాళ్లందరికీ చెప్పాను: ఏ కాగితం కావాలన్నా ఆయన్ని అడగొద్దు, చెల్లినే అడగండి. "ఖలాస్ అక్కా, ఇంక ఆయనకి చెయ్యం" అన్నారు. మరిది అలిగి నాతో మాట్లాడడం మానేశాడు. మానితే మానాడు.

ఆ ఏడాది గ్రామసభ నాడు ఆశా కార్యకర్త ఫోన్ పట్టుకుంటే, భోజనం వేళ ఆసుపత్రి పాంట్రీలో కూర్చుని వీడియోలో చూశాను. మరిది అప్పటికే కుర్చీలో ఉన్నాడు. చెల్లి పక్కన నిలబడింది.

"లెగండి. అది నా కుర్చీ."

"సంతకమెట్టు చాల్లే" అన్నాడు నవ్వుతూ.

చెల్లి తీర్మానాల పుస్తకం మూసి చంకలో పెట్టుకుంది. "కూకుంటేనే సంతకం. లేపోతే ఇయ్యాల తీర్మానాలే లేవు."

కార్యదర్శి పెన్ను పట్టుకుని ఇద్దరి మొహాలూ చూస్తున్నాడు. జనంలో ఒక ముసలామె, "లెగవయ్యా, పొద్దుపోతంది" అంది. మరిది భుజం మీద తువ్వాలు సర్దుకుని లేచాడు. చెల్లి కూర్చుంది. నాకు సంతోషంతో ఒళ్లు తెలియలేదు.

"చెల్లీ, ముందు మన వీధి కుళాయి రాయించు! తర్వాత డ్రైనేజీ, ఆ తర్వాత..." అని ఫోన్‌లో అరిచాను.

అది నా వైపు చూసింది. "అక్కా, నువ్వూ ఊరుకో. వరసలో వచ్చినప్పుడు రాత్తాం. ఇది నా సభ." ఫోన్ కట్టయింది.

చుర్రుమంది. అన్నం డబ్బాకు మూత పెట్టి వార్డులోకి వెళ్లిపోయాను. కుళాయి సంగతి మూడో తీర్మానంగా రాశారని సాయంత్రం సర్పంచి గారే ఫోన్ చేసి చెప్పారు.