చారల అచ్యుతం

మా పెడన అచ్యుతరావుకి ఒకటే పిచ్చి. చారలు. చారల్లేని బట్ట కట్టడు, చారల్లేని దుప్పటి కప్పుకోడు, పెరుగన్నం పెడితే ఆవకాయ ఊటని వేలితో లాగి చారలు గీశాకే ముద్ద నోట్లో పెడతాడు. పెళ్ళిచూపుల నాడు నాగలక్ష్మి చారల చీర కట్టుకుని కూర్చుంది, దాని ఖర్మ అలా కాలింది. ఏ పువ్వుల చీరో కట్టుకుని ఉంటే ఇంకెవరినైనా చేసుకుని సుఖపడేది.

వాడు లుంగీల నేతగాడు. మా పక్కిల్లే. నన్ను అత్తా అంటాడు, మా ఆయన కోదండరామయ్యని మావయ్యగారు అంటాడు. చుట్టరికం ఏమీ లేదు, మధ్యలో గోడ ఉందంతే. మగ్గం మూలపడ్డాక ఊరి బయట బందరు రోడ్డు మీద యుగంధర్ గారి ఫంక్షన్ హాల్లో తోటపనికి కుదిరాడు. ఆ హాలుకి గేటు దగ్గర్నుంచి పెళ్ళి మండపం దాకా పచ్చగడ్డి పరిచి ఉంటుంది. లాను అంటారు. గుడివాడలో ఇంకో హాలువాడు ఫౌంటెన్ పెట్టాడని కడుపు మండి, యుగంధర్ గారు ఎక్కడో వేలంలో గడ్డి కోసే బండి కొనుక్కొచ్చాడు. మనిషి ఎక్కి కూర్చుని నడిపేది. చిన్న ట్రాక్టరు అనుకోండి. కాకపోతే దున్నదు, నేలకి క్షవరం చేస్తుంది.

అచ్యుతం దాన్ని ఎక్కాడని తెలిసి చూడ్డానికి వెళ్ళాను. మగ్గం గుంటలో కూర్చున్నట్టే కాళ్ళు రెండూ కిందకి దించి, నడుం నిటారుగా పెట్టి, ఈ చివరి నుంచి ఆ చివరికి, ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతున్నాడు. వెనకాల కొంగలు బారుగా నడుస్తున్నాయి, పెళ్ళికూతురి వెనక పేరంటాళ్ళలాగా.

“ఎట్టా ఉందిరా?” అన్నాను.

“ఇదీ మగ్గమే అత్తా! అక్కడ పోగు మోసే నాడె అటూ ఇటూ తిరుగుతుంటే నేను కూర్చునేవాణ్ణి. ఇక్కడ నాడె మీదే ఎక్కి తిరుగుతున్నా!”

ఆ బండి వెనక రోలరు ఒకటి ఉంటుంది. కోసిన గడ్డిని అది పడుకోబెడుతుంది. అటు తిరిగి పడుకున్న గడ్డి లేతగా, ఇటు తిరిగి పడుకున్నది ముదురుగా కనపడుతుంది. అంటే లాను నిండా చారలే! ఆ సంగతి కనిపెట్టిన రోజు వీడు సంతోషం పట్టలేక అన్నం తినలేదని నాగలక్ష్మి గోడ మీంచి మొత్తుకుంది. మర్నాడు నన్ను లాను దగ్గరికి లాక్కెళ్ళాడు.

“చూడత్తా! లేతాకుపచ్చ, ముదురాకుపచ్చ. రంగు అద్దలేదు, నూలు మార్చలేదు!”

“నాకు గడ్డే కనపడుతోంది.”

“కొంచెం వంగి చూడు.”

“వంగితే నన్ను లేపడానికి నీ బండి చాలదు.”

ఇక అక్కణ్ణుంచి పెళ్ళివాళ్ళకి చుక్కలు చూపించాడు. “చార తొక్కమాకండి!” పొద్దున లేస్తే ఇదే వాడి సుప్రభాతం. గుర్రం దిగి లాను మీద కాలు పెట్టబోయిన పెళ్ళికొడుకుని “బాబుగారూ, చుట్టూ తిరిగి రండి” అని ఆపేశాడు. పంతులుగారు పాపం ఓసారి చెప్పులు చంకలో పెట్టుకుని గోడ వెంబడి పిల్లిలా నడిచొచ్చాడు. మధ్యలో ఎర్ర కార్పెట్ ఉంటే దాని మీద నడవనిచ్చేవాడు గానీ, అది కూడా చారల్లేని కార్పెట్ అని వాడికి లోపల బాధే. యుగంధర్ గారు మాత్రం మురిసిపోయాడు. గేటు నుంచి మండపం దాకా పొడుగు చారలు, పైనుంచి డ్రోన్ ఫోటోల్లో అదిరిపోతున్నాయట.

ఇంతలో మా ఇంటి సంగతి. మా ఆయనకి వణుకుడు జబ్బు పట్టుకుంది. వణుకుతో అంత బాధ లేదు. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి కాళ్ళు నేలకి అతుక్కుపోతాయి, అదీ బాధ. కదలమని మనిషి ఎంత తన్నుకున్నా కదలవు. బందరు నుంచి ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి మా వసారాలో అడ్డంగా, అడుగుకొకటి చొప్పున రంగు టేపులు అంటించింది. “తాతగారూ, గీత దాటండి” అంది. చిత్రం! కళ్ళ ముందు గీత ఉంటే కాలు లేస్తుంది. గీతలు అయిపోయాయా, మళ్ళీ స్తంభం.

అచ్యుతం వచ్చి ఆ టేపులు చూసి గుమ్మంలోనే కూలబడ్డాడు.

“మావయ్యగారూ! మీరు కూడా నా పార్టీలోకి వచ్చేశారా!”

“నీ పార్టీకి డిపాజిట్లు కూడా రావు, లే” అన్నాను.

లేవలేదు. నేల మీద బోర్లా పడుకుని టేపుకీ టేపుకీ మధ్య ఎడం జానతో కొలుస్తున్నాడు. జబ్బు మనిషి ఇంట్లో ఇదేం చోద్యమని చీపురు తీస్తే గానీ కదల్లేదు.

మా మనవరాలు సాయిదుర్గకి పెళ్ళి కుదిరింది. మగపెళ్ళివాళ్ళు యుగంధర్ గారి హాలే మాట్లాడారు, పగటి ముహూర్తం. మా ఆయన పట్టు పట్టాడు.

“గేటు నుంచి మండపం దాకా నా కాళ్ళతో నడిచెళ్ళి దీవిస్తా. చక్రాల కుర్చీలో తోసుకెళ్తానంటే అసలు పెళ్ళికే రాను. దానికి నడక నేర్పింది నేనే!”

“మధ్యలో కాళ్ళు అతుక్కుపోతే?”

“అక్కడే నిలబడి దీవిస్తా.”

“అయితే మైకు పెట్టించాలి” అన్నాను. నోటితో అన్నానే గానీ నా గుండెల్లో రాయి పడింది. అంతమంది ముందు నడవలేక నిలబడిపోతే ఆ మనిషి తట్టుకోలేడు. మళ్ళీ గడప దాటడు.

సరిగ్గా అప్పుడే అచ్యుతానికి పిచ్చి ముదిరింది. పొడుగు చారలు మానేసి, లానుకి అడ్డంగా, ఇరుకిరుకుగా చారలు మొదలెట్టాడు. బండి కోసే వెడల్పు ఎక్కువ కదా, అందుకని వెళ్ళిన దారిలో సగం మీదుగా మళ్ళీ వెనక్కి వచ్చి చారని సన్నం చేసేవాడు. పొద్దస్తమానం అదే పని. యుగంధర్ గారు గుడ్లురిమాడు.

“ఏంట్రా ఇది? నా లాను లుంగీలా ఉంది!”

“థాంక్సండీ!”

“తిట్టానురా! బండి పెట్రోలు తాగేస్తోంది. కోదండరామయ్య గారింటి పెళ్ళినాటికి పొడుగు చారలు లేకపోతే తాళంచెవి ఇచ్చేసి ఇంటికి పో!”

“అట్టాగేనండీ” అన్నాడు. మర్నాడు మళ్ళీ అడ్డమే.

నేనూ దులిపేశాను. “చారల కోసం కూడు పోగొట్టుకుంటావట్రా?”

“సన్న చారల సోకు నీకేం తెలుసత్తా” అన్నాడు. నాగలక్ష్మి నెత్తి కొట్టుకుంది.

పెళ్ళి రోజు రానే వచ్చింది. గేటు ముందు కారు దిగి చూద్దును కదా, ఎర్ర కార్పెట్ లేదు!

“ఒరే, కార్పెట్ ఏదిరా?”

“పొద్దున పొరపాటున పైపు దాని మీద పెట్టి వదిలేశానత్తా. తడిసి ముద్దయింది. షెడ్డు మీద ఆరేశా.”

“నా మనవరాలి పెళ్ళికే తడవాలట్రా?”

యుగంధర్ గారు పళ్ళు నూరుకుంటూ వచ్చాడు. లాను చూశాడు. అడ్డ చారలే. “తాళంచెవి ఇట్టా ఇవ్వు” అని చెయ్యి చాపాడు.

ఇంతలో మా ఆయన గేటు దాటి, సిమెంటు మీద నాలుగడుగులు వేసి, ఠక్కున ఆగిపోయాడు. కాళ్ళు అతుక్కుపోయాయి. మేళంవాళ్ళు సన్నాయి ఊదడం మర్చిపోయారు. మండపంలో సాయిదుర్గ పీటల మీంచి లేచి నిలబడింది. మా అబ్బాయి చక్రాల కుర్చీ కోసం కారు వైపు పరిగెత్తాడు. మా ఆయన మొహం చూడలేక నేను తలొంచుకున్నాను.

తలొంచుకుంటే, ఆయన బొటనవేలి ముందర ముదురాకుపచ్చ చార ఉంది. దాని తర్వాత లేత చార. మళ్ళీ ముదురు. అడ్డంగా, అడుగుకొకటి, మండపం మెట్ల దాకా. అచ్చం మా వసారాలో టేపులే!

మా ఆయనా చూశాడు. కాలు లేచింది. చార దాటింది. రెండో కాలు లేచింది. అంతే, ఇక ఆగలేదు! చారా చారా దాటుకుంటూ, పెళ్ళికొడుక్కి లేని దర్జాతో నడిచిపోతున్నాడు. వెనకాలే నేను. ఇన్నాళ్ళకి నాకు ఆ చారలు కనపడ్డాయి, వంగకుండానే.

జనం చప్పట్లు కొడుతూ మా వెనకాలే లాను మీదకి ఎగబడ్డారు. అప్పుడు చూడాలి అచ్యుతాన్ని! రెండు చేతులూ బార్లా చాపి అడ్డంగా దూకాడు.

“చార తొక్కమాకండి! చుట్టూ తిరిగి పోండి! మావయ్యగారు మళ్ళీ వెనక్కి నడిచి రావాలి!”

తాళంచెవి కోసం చాపిన యుగంధర్ గారి చెయ్యి అలాగే ఉండిపోయింది. కాసేపటికి చూస్తే ఆ చేత్తోనే ఆయనా జనాన్ని పక్కకి నెడుతున్నాడు. “వినపడలా? చుట్టూ తిరిగి రండి!”

మా ఆయన మనవరాలి నెత్తి మీద అక్షింతలు వేశాడు. చెయ్యి వణికి సగం పంతులుగారి మీద పడ్డాయి. ఆయనకీ దీవెనలు అవసరమే, ఆ హాల్లో పెళ్ళిళ్ళు చేయించేవాడు కదా.

భోజనాల దగ్గర అచ్యుతానికి నేనే వడ్డించాను. నోటితో నాలుగు మంచి మాటలు చెప్పడం నాకు చేతకాదు. ఆకులో తెల్లన్నం పలచగా పరిచి, పప్పు ఒక వరస, గోంగూర ఒక వరస, మళ్ళీ పప్పు, మళ్ళీ గోంగూర, గరిటె అంచుతో సన్నగా చారలు లాగాను. వాడు తల వంచి ఆకుని ఈ పక్కనుంచి చూశాడు, ఆ పక్కనుంచి చూశాడు. వెధవ, ఏడుస్తాడేమో అనుకున్నాను.

“అత్తా, ఈ గోంగూర చార వంకర పోయింది.”

“కడుపులోకి పోతే తిన్నగా అవుద్ది. నోరు మూసుకుని తిను!”