రాగిపల్లె అక్క

ఈరోజు గోదావరిఖని బస్టాండు దగ్గర హోటల్ ముందు బొగ్గుల పొయ్యి అంటించారు. ఆ పొగ వాసనకు నేను బస్సెక్కకుండా అక్కడే నిలబడిపోయాను. చిన్నప్పుడు మన గని కార్మికుల క్వార్టర్ల లైనులో పొద్దున్నే ప్రతి ఇంటి ముందూ ఇదే పొగ, గుర్తుందా నేస్తం?

మా ఊరు రాగిపల్లె ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో కలిసిపోయాక మేము ఆ లైనుకు వచ్చాం. నల్లా దగ్గర ఆడవాళ్లు "ఏ ఊరు మీది?" అని అడిగితే అమ్మ పలికేది కాదు. బిందె నింపుకొని వచ్చి గోడకు ఆనుకొని కూర్చునేది. ఏడ్చేది కూడా కాదు.

ఒక మధ్యాహ్నం పక్క క్వార్టరు ఖైరూన్, మనం పిన్ని అన్నట్టు ఖాలా అని పిలిచే ఆమె, వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. ఏమీ అడగకుండా తన సంగతే చెప్పింది.

"పెండ్లయి ఈడికొచ్చినప్పుడు నాకు తెలుగు రాదు చెల్లె. గని సైరన్ మోగితే భయమయ్యేది. ఎవ్వరికి చెప్పాలె? పొయ్యి ముందల కూసొని దానితోటే మాట్లాడేదాన్ని."

అమ్మ ఖాలా వైపు తిరిగింది.

"మాది రాగిపల్లె అక్కా. మా ఇల్లు కూలగొట్టంగ నేను ఆడనే ఉన్న. కండ్లల్ల నీళ్లు రాలే. ఇప్పటికీ రాలే."

"రాకుంటే రాకపాయె. ఇల్లెట్లుండె, చెప్పు."

సాయంత్రం దాకా అమ్మ చెప్పింది. గొంతులో ఏ మార్పూ లేదు. ఖాలా వింటూ కూర్చుంది.

మర్నాడు నల్లా దగ్గర ఖాలా కేకేసింది. "మీ రాగిపల్లె అక్కకు జాగియ్యుండ్రి!"

ఆడవాళ్లు జరిగారు. అమ్మ వెళ్లి వాళ్ల మధ్యలో బిందె పెట్టింది.